తమ్ముడికి వేప్‌లో మెకానికల్ మాడా రెగ్యులేటెడా, కరెంటు తెలిసినోళ్లు కాస్త చెప్పండి

ఉండి_చెరువుగట్టు:

నమస్కారం అండి అందరికీ. మాది ఉండి దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువుల మీద ఉంటాను, ఈ వేప్‌ల (బ్యాటరీ మీద నడిచే ఈ-సిగరెట్ల) సంగతి నాకు బొత్తిగా తెలీదు కానీ అవసరం పడి అడుగుతున్నాను. మా పిన్ని కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడు, చదువు అయిపోయింది, గోడౌన్‌లో నైట్ డ్యూటీలు చేస్తున్నాడు. భీమవరంలో ఇంజినీరింగ్ చదివేటప్పుడే సిగరెట్ అంటుకుంది, అక్కడికెళ్లాక ఆ చలికీ ఆ నిద్ర లేకపోవడానికీ ఇంకా ముదిరింది. మానేద్దామని వాడి పారేసే వేప్‌లకి మారాడు, అవేమో 2025 జూన్ 1 నుంచి అక్కడ అమ్మకూడదని ఆపేశారంట, దాంతో మళ్లీ సిగరెట్ ముట్టించాడు.

ఇప్పుడు వాడి రూమ్మేట్ ఒకతను తను ఇదివరకు వాడి పక్కన పెట్టేసిన మెకానికల్ మాడ్ ఇచ్చేస్తానంటున్నాడంట. ఫోటో పంపాడు, ఇత్తడి గొట్టంలా ఉంది, లోపల ఒకటే బ్యాటరీ సెల్లు, కింద బటన్, పైన లిక్విడ్‌ని ఆవిరి చేసే కాయిల్ చుట్టుకునే గిన్నె లాంటిది. అతను చెప్పేదేంటంటే దీంట్లో పాడవడానికి ఏమీ లేదు, బోర్డు లేదు, స్క్రీన్ లేదు, తుడుచుకుంటూ వాడితే ఎన్నేళ్లయినా వస్తుంది, రెగ్యులేటెడ్‌లో చిప్ పోతే మొత్తం పారేయడమే అని. షాపువాడేమో కొత్తగా మొదలెట్టేవాడివి రెగ్యులేటెడ్ తీసుకో అన్నాడంట. షాపువాడు అమ్ముకోడానికి చెప్తున్నాడా, నిజంగానే చెప్తున్నాడా నాకు అర్థం కావట్లేదు.

ఇంకోటండి, వాడు సంక్రాంతికి ఇంటికొస్తున్నాడు, అది కూడా తెచ్చుకోవచ్చా? మా పిన్ని ఎవరిదో జేబులో పేలిన వీడియో చూసి అప్పట్నుంచి రోజూ నాకు ఫోన్ చేసి వాడికి చెప్పరా చెప్పరా అంటుంది. నా మాటైతే వింటాడు, కానీ ఊరికే వద్దంటే వినడు, ఎందుకో చెప్పాలి. రూమ్మేట్ చుట్టిన కాయిల్ 0.12 ఓమ్ అంట, అంటే ఏంటో కూడా చెప్పండి.

ముమ్మిడివరం_వైండింగ్:

ఉండి గారూ, నాది మోటారు వైండింగ్ షాపు, ప్యానెల్ బోర్డులు కూడా కడతాను. వేప్ నేను తాగను గానీ కరెంటు ఎక్కడైనా కరెంటేనండి, మీ తమ్ముడు పంపిన లెక్క చూసి నాకు గుండె ఝల్లుమంది.

మీ చెరువు మీద ఏరియేటర్లకి స్టార్టర్ పెట్టెలు ఉంటాయిగా, లోపల ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది, ఒక ఫేజ్ పోతే కొట్టేసేది ఉంటుంది, రాత్రి రెండింటికి ఫ్యాన్‌కి చెత్త చుట్టుకుని మోటారు బిగుసుకుపోయినా స్టార్టర్ ట్రిప్ అవుతుంది, మోటారు బతుకుతుంది. అదే స్టార్టర్ తీసేసి స్తంభం మీంచి నేరుగా మోటారుకి వైరు లాగితే? తిరుగుతుంది, బాగానే తిరుగుతుంది, స్టార్టర్ ఖర్చు కూడా మిగులుతుంది. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే ఏదన్నా తేడా చేసినప్పుడే తెలుస్తుంది. మెకానికల్ మాడ్ అంటే ఆ నేరుగా లాగిన వైరేనండి. సెల్లు, బటన్, కాయిల్, అంతే, మధ్యలో చూసేవాడు లేడు. రెగ్యులేటెడ్‌లో ఆ చూసేవాడు చిప్.

ఇప్పుడు 0.12 లెక్క. ఓమ్ అంటే కరెంటుకి కాయిల్ పెట్టే అడ్డు (రెసిస్టెన్స్), అది తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ పారుతుంది. ఫుల్ చార్జ్ అయిన లిథియం సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది. 4.2ని 0.12తో భాగించండి, 35 ఆంప్స్. బటన్ నొక్కినంతసేపూ ఆ బొటనవేలంత సెల్లులోంచి 35 ఆంప్స్ లాగుతున్నట్టు. 147 వాట్లు. 18650 సైజు సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల లావు 65 పొడవు ఉండేది, మంచి కంపెనీవే చాలావరకు 15, 20, 25 ఆంప్స్ దగ్గర ఆగిపోతాయి, ఆగకుండా ఇవ్వగలిగింది అంతే. దాని చేత 35 మోయిస్తే లోపల వేడెక్కుతుంది, ఆ వేడి ఒక హద్దు దాటితే ఇక బటన్ వదిలేసినా ఆగదు, లోపలి రసాయనమే దాన్నదే వేడి చేసుకుంటూ పోయి గ్యాసు కక్కి మంటైపోతుంది. థర్మల్ రనవే అంటారు, ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడేది కూడా అలాగే.

అదే కాయిల్ ఒక ఓమ్ ఉంటే 4.2 ఆంప్సే, 18 వాట్ల లోపే, సెల్లుకి లెక్కే కాదు. కాబట్టి మెకానికల్ అంటేనే పేలుతుందని కాదండి, కాయిల్ ఎంతో, సెల్లు ఎంత మోస్తుందో, ఈ రెండూ తూచే పని మనిషి మీదే ఉంటుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రకళ్లతో కాయిల్ మార్చుకునే కుర్రాడి మీద ఆ బరువు ఎందుకండీ.

చిప్ ఉంటే ఏం చేస్తుందంటే బటన్ నొక్కగానే ముందు కాయిల్ రెసిస్టెన్స్ చూస్తుంది, మరీ తక్కువుంటే వెలగదు, షార్ట్ అయితే వెలగదు, సెల్లు తిరగేసి పెట్టినా చాలావాటిలో ఏమీ కాదు, చార్జ్ బాగా దిగిపోతే ఆపేస్తుంది, మర్చిపోయి నొక్కి పట్టుకుంటే పది సెకన్లకో ఎంతకో కట్ అయిపోతుంది. మెకానికల్‌లో ఇవేవీ ఉండవు. నన్నడిగితే రెగ్యులేటెడే, ఇందులో రెండో మాట లేదు.

భీమవరం_బుల్లోడు:

వైండింగ్ గారూ, మీరన్న లెక్క కరెక్టే గానీ రెగ్యులేటెడ్ అనగానే సేఫ్ అనుకోడం కూడా కరెక్ట్ కాదండి. నేను రెండేళ్లు కెనడాలో ఉన్నప్పుడు వాడాను. చిప్ బోర్డు మీద స్విచ్చులా పనిచేసే మాస్ఫెట్ షార్ట్ అయితే బటన్ నొక్కకుండానే అదే వెలుగుతూ ఉంటుంది, నా ఫ్రెండ్ బ్యాగులో అలాగే వేడెక్కింది, వాసన వచ్చి తీశాం గాబట్టి సరిపోయింది. పైగా రెగ్యులేటెడ్‌లో ఇంకో తిరకాసుంది, మెకానికల్‌లో చార్జ్ దిగేకొద్దీ ఆంప్స్ తగ్గుతాయి, రెగ్యులేటెడ్‌లో పెరుగుతాయి. 60 వాట్లు పెట్టామనుకోండి, ఫుల్ చార్జ్ మీద సుమారు 14 ఆంప్స్, అదే 3.2 వోల్టులకి దిగాక కూడా చిప్ 60 వాట్లే ఇవ్వాలి కదా, అందుకని దాదాపు 19 ఆంప్స్ లాగుతుంది, చిప్‌లో పోయే నష్టం కలిపితే ఇరవై దాటుతుంది. అంటే చవక సెల్లు వేసి చిప్ ఉందిలే అని ధీమాగా ఉంటే అక్కడా ప్రమాదమే. సెల్లు మంచిది కాకపోతే ఏ పెట్టెలో పెట్టినా ఒకటే అని నా ఉద్దేశం.

తణుకు_టు_డబ్లిన్:

బుల్లోడి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చాలా ముఖ్యమైంది కూడా, కాసేపట్లో దానికి వస్తాను. ముందు నా సంగతి చెప్తాను, నేను డబ్లిన్‌లో ఏళ్ల తరబడి మెకానికల్ మాడ్‌లే వాడుతున్నాను, రాగి గొట్టం ఒకటి, ఇత్తడి ఒకటి. నాకిష్టం. కాయిల్ నేనే చుట్టుకుంటాను, ఫుల్ చార్జ్ మీద మొదటి పఫ్ గట్టిగా వచ్చి సాయంత్రానికి మెత్తబడుతుంది చూడండి, ఆ తేడా తెలిసినోడికే తెలుస్తుంది. కాబట్టి మెకానికల్ అంటే పడనివాడిగా నేను ఈ మాట చెప్పట్లేదు. ఉండి అన్నా, మీ తమ్ముణ్ణి ఆ గొట్టం ముట్టుకోవద్దనండి.

ఎందుకంటే ఓమ్స్ లెక్క ఒక్కటే కాదు. ఫోటోలో పైన గిన్నె అన్నారు కదా, దాన్ని ఆర్‌డీఏ అంటారు, దాని అడుగున మరలు ఉన్న మెడ ఉంటుంది, 510 అంటారు, దాని మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది. చాలా మెక్ గొట్టాల్లో ఆ పిన్నే నేరుగా సెల్లు తలకి తగుల్తుంది, మధ్యలో ఇంకేమీ ఉండదు, హైబ్రిడ్ అంటారు. ఆ పిన్ను చుట్టూ ఉన్న మరల అంచు కన్నా బయటికి పొడుచుకుని ఉండాలి, స్పష్టంగా కంటికి కనపడేంత. సమానంగా ఉందనుకోండి, సెల్లు పాజిటివ్ తల ఆ అంచుకి తగుల్తుంది, అంచు నెగటివ్, గొట్టం మొత్తం నెగటివ్, అంటే కాయిల్‌తో పని లేకుండా నేరుగా షార్ట్. కొన్ని సెకన్ల పని. ఏ షాపులో కొన్న ట్యాంకయినా మరలు పట్టాయి కదా అని దాని మీద బిగిస్తారు చూడండి, దెబ్బలు తగిలిన వాళ్లలో ఈ రకం వాళ్లున్నారు. మరలు పట్టడం వేరు, పనికిరావడం వేరు.

తర్వాత సెల్లు మీద ప్లాస్టిక్ తొడుగు. సెల్లు ఒళ్లంతా నెగటివే, తల ఒక్కటే పాజిటివ్, ఆ రెండిటినీ విడదీసేది తల చుట్టూ ఉన్న తెల్ల రింగు, పైన పల్చటి తొడుగు, అంతే. ఆ తొడుగు తల దగ్గర గోరంత చిరిగినా నేను ఆ సెల్లు వాడను, తొడుగులు చవక, మార్చుకోవచ్చు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే బిగుసుకుంటుంది. ఇంకా గొట్టానికి గాలి బొక్కలు ఉన్నాయో లేదో చూడాలి, సెల్లు గ్యాసు కక్కితే బయటికి పోడానికి దారి లేకపోతే ఆ గొట్టం బాంబే. బటన్‌కి లాక్ రింగు ఉండాలి, జేబులో పెట్టేముందు తిప్పాలి. బటన్ కాంటాక్టులు నల్లబడితే కాయిల్ కన్నా ముందు బటనే కాలుతుంది, వారానికోసారి తుడవాలి. సెల్లు 3.5 వోల్టుల దగ్గరికి రాగానే మార్చెయ్యాలి, చెప్పేవాడుండడు, నోటికి తెలియాలి. కాయిల్ చుట్టినప్పుడల్లా ఓమ్ మీటర్ మీద పెట్టి చూడాలి, ఓమ్ మీటర్ లేనివాడికి మెక్ మాడ్ వద్దు, ఇది నేను తెలిసిన ప్రతివాడికీ చెప్తాను.

కొందరు పల్స్ రేటింగ్ అని వాదిస్తారు, మనం నొక్కేది రెండు మూడు సెకన్లే కదా, సెల్లు మీద రాసిన దానికన్నా ఎక్కువ లాగినా పర్లేదని. బటన్ ఇరుక్కుపోయిన రోజున అది పల్స్ కాదు, ఆగకుండా లాగడమే. 2018 మేలో ఫ్లోరిడాలో ఒకతను వేప్ పేలి తలకి ముక్కలు తగిలి చనిపోయాడు, అది మెక్ రకమే. మరుసటి ఏడు టెక్సాస్‌లో ఇంకో కుర్రాడు పోయాడు. వేప్‌లు వాడేవాళ్ల సంఖ్యతో పోలిస్తే ఇవి అరుదే, కానీ నోటి ముందు పెట్టుకునే వస్తువు ఇది, అరుదు అని వదిలేసేది కాదు.

ఇప్పుడు బుల్లోడి మాట. సెల్లే అసలు సంగతి అన్నాడు, నిజం. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2017లో ఒక రిపోర్టు ఇచ్చారు, 2009 నుంచి 2016 దాకా వార్తల్లోకి వచ్చిన 195 పేలుళ్లు, మంటలు లెక్కేశారు, అందులో 61 జేబులో ఉన్నప్పుడు జరిగినవి, వేప్ గానీ విడి సెల్లు గానీ. నోట్లో పెట్టుకుని వాడుతుండగా 60, చార్జింగ్‌లో 48. విడి సెల్లు జేబులో వేసుకుని అదే జేబులో తాళంచెవులో చిల్లరో ఉంటే చాలు, తలకీ ఒంటికీ మధ్య అడ్డంగా తగిలి షార్ట్ అవుతుంది, తొడ కాలిపోతుంది. దీనికి మెకానికల్ లేదు, రెగ్యులేటెడ్ లేదు. సెల్లు ఎప్పుడూ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి.

అన్నా, ఆ సెల్లు మీద ఏం రాసుందో అడిగి చెప్పండి, తొడుగు ఫోటో కూడా దగ్గరగా తీసి పంపమనండి.

ఉండి_చెరువుగట్టు:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఏరియేటర్ మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. వాడికి ఫోన్ చేసి ఫోటో తీయించాను. సెల్లు ఎర్ర రంగు, పైన 9800 ఎంఏహెచ్ అని రాసుంది, కంపెనీ పేరు మనకి తెలిసింది ఏదీ కాదు, ఆంప్స్ ఎక్కడా రాయలేదు. రూమ్మేట్ ఆన్‌లైన్‌లో టార్చ్‌తో పాటు వచ్చిందని చెప్పాడంట. తొడుగు తల దగ్గర ఒకవైపు పైకి లేచింది, లోపల తెల్లగా రేకు మెరుస్తుంది. పిన్ను మాత్రం బయటికే ఉందంటున్నాడు.

అన్నట్టు మా చెరువు మీద కాపలా కుర్రాళ్ల తలలైట్లలో కూడా ఇదే సైజు సెల్లులున్నాయి, చూస్తే వాటిమీదా 8800 అని రాసుంది. ఆ 9800 సెల్లు సరిపోతుందేమో అని వాడు అడుగుతున్నాడు, ఎంఏహెచ్ ఎక్కువుంది కదా అని.

తణుకు_టు_డబ్లిన్:

అన్నా వద్దు వద్దు. 18650లో అంత కెపాసిటీ పట్టదు, 9800 అనేది పచ్చి అబద్ధం. పేరున్న కంపెనీలవి 2500, 3000, 3500 అలా ఉంటాయి. సామ్‌సంగ్ 25ఆర్ చూడండి, 2500 ఎంఏహెచ్, 20 ఆంప్స్. ఎల్‌జీ హెచ్‌జీ2 అయితే 3000, అదీ 20 ఆంప్స్. సోనీ వీటీసీ5ఏ 2600, 25 ఆంప్స్. కెపాసిటీ పెంచితే ఆంప్స్ తగ్గుతాయి, ఆంప్స్ పెంచితే కెపాసిటీ తగ్గుతుంది, ఒకే సెల్లులో రెండూ రావు. 9800 అని రాసినవాడు లోపల పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి ఊడదీసిన సెల్లు కూడా పెట్టి ఉండొచ్చు, అది టార్చికి సరిపోతుంది ఎందుకంటే టార్చి లాగేది చాలా తక్కువ. దాన్ని 0.12 కాయిల్ కింద పెట్టడం, అదీ తొడుగు చిరిగి ఉండగా... అతనికిప్పటిదాకా ఏమీ కాకపోవడం అదృష్టం, అంతకన్నా ఏమీ లేదు. ఆ రూమ్మేట్‌కి కూడా చెప్పమనండి దయచేసి, అతనూ ఎవరి కొడుకో కదా.

ఎంఏహెచ్ అంటే ఎంతసేపు వస్తుందో చెప్పేది, ఎంత గట్టిగా లాగొచ్చో చెప్పేది కాదు. వేప్‌కి చూడాల్సింది ఆగకుండా ఇచ్చే ఆంప్స్. అది రాయని సెల్లు కొనకూడదు, రాసినా నమ్మకమైన షాపులోనే కొనాలి ఎందుకంటే మంచి కంపెనీల తొడుగులు కూడా నకిలీవి వస్తున్నాయి.

మీ తమ్ముడికి నా సలహా ఏంటంటే అసలు విడి సెల్లుల జోలికే పోకుండా చిన్న పాడ్ కిట్ తీసుకోమనండి, లోపలే బ్యాటరీ ఉంటుంది, టైప్-సి చార్జింగ్, 0.8 నుంచి 1.2 ఓమ్ దాకా రెడీమేడ్ కాయిల్, పది పదిహేను వాట్లు. అది కూడా రెగ్యులేటెడే, చిప్ ఉంటుంది. సిగరెట్ మానేవాడికి సిగరెట్ లాగినట్టే ఉండాలి, ముందు నోట్లోకి తర్వాత ఊపిరితిత్తుల్లోకి. ఆ గొట్టం అలా కాదు, నేరుగా ఛాతీలోకి పెద్ద మబ్బు లాగడం, అది వేరే సరదా. అన్నట్టు మీ కాపలా కుర్రాళ్ల తలలైట్లు కూడా రాత్రంతా మంచం మీద చార్జింగ్ పెట్టనివ్వకండి.

అమలాపురం_మందులషాపు:

ఇప్పటిదాకా అందరూ కరెంటు గురించే మాట్లాడారు, నేను మందుల షాపువాడిని గనుక నికోటిన్ గురించీ చట్టం గురించీ చెప్తాను.

ముందు సంక్రాంతి ప్రశ్న. తేకూడదండి. మెకానికలైనా రెగ్యులేటెడైనా ఖాళీ పాడ్ అయినా ఏదైనా సరే. మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చారు, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టం అయింది, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే మూడేళ్లూ అయిదు లక్షల దాకా. నిల్వ పెట్టుకున్నా ఆరు నెలలు లేదా యాభై వేలు, లేదంటే రెండూ. సొంతానికి ఒకటే కదా అని బ్యాగులో పడేసుకొస్తే అదీ దిగుమతి కిందకే వస్తుంది, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దిగి పండక్కి ఇంటికి రావాల్సినవాడు కస్టమ్స్ వాళ్ల ముందు కూర్చోడం ఎందుకు చెప్పండి. దాన్ని అక్కడే పెట్టేసి రమ్మని వాడికి చెప్పండి. అలాగే ఇక్కడ భీమవరంలోనో రాజమండ్రిలోనో దొంగచాటుగా అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కుంటాలే అనుకోవద్దు, ఆ సీసాలో ఏం పోశారో, ఆ సెల్లు ఎక్కడిదో అడగడానికి దిక్కుండదు.

మరి ఇక్కడున్నన్నాళ్లూ సిగరెట్ మళ్లీ ముట్టించకుండా ఎలా అంటే 2 ఎంజీ నికోటిన్ చూయింగ్ గమ్ మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతుంది, దానికి ఈ చట్టం అడ్డు రాదు. చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు, కొద్దిగా నమిలి చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టి ఉంచాలి, మళ్లీ కాసేపటికి నమలాలి, గబగబా నమిలి మింగితే కడుపులో మంట, ఎక్కిళ్లు. నేను ఎవరికిచ్చినా ఇది కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పి మరీ ఇస్తాను, ఎందుకంటే సరిగ్గా వాడక ఇది పనిచెయ్యదని వదిలేసి మళ్లీ సిగరెట్‌కే పోతారు. ప్రభుత్వం వాళ్ల క్విట్‌లైన్ కూడా ఉంది, 1800-11-2356, ఫ్రీ.

ఇక నికోటిన్ సంగతి. యూకేలో లిక్విడ్‌లో నికోటిన్ మిల్లీలీటరుకి 20 ఎంజీ దాటకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు దాటకూడదు అని నిబంధన. ఆ 20 ఎంజీ లిక్విడ్ చిన్న పాడ్‌లో పది పన్నెండు వాట్ల మీద తాగడానికి. దాన్నే తీసుకెళ్లి 147 వాట్ల గొట్టంలో పోశాడనుకోండి, ఒక్కో పఫ్‌కి ఎన్నో రెట్లు లిక్విడ్ ఆవిరవుతుంది, తల తిరగడం, వాంతులు, గుండె దడ. పెద్ద గొట్టాలవాళ్లు 3 ఎంజీ అలా వాడతారు. పరికరం మారితే సీసా కూడా మారాలి, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. ఆ సీసాలు చిన్నపిల్లలున్న ఇంట్లో అందేచోట పెట్టకూడదు, తీపి వాసనొస్తుంది గాబట్టి తాగేస్తారు, విషం అది.

యూకే ప్రభుత్వ వైద్య సేవల సంస్థ, ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు, చెప్పేది సిగరెట్ కన్నా వేప్ హాని తక్కువ, కానీ హాని లేనిది కాదు, సిగరెట్ తాగనివాడు మొదలెట్టనే కూడదు అని. మీ తమ్ముడు తాగేవాడు గనుక మానడానికి మెట్టులా వాడుకోవచ్చు, అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ల సిగరెట్ మాన్పించే సర్వీసు ఫ్రీగా ఉంటుంది, అడిగితే ప్యాచ్‌లు, గమ్, వారంవారం మాట్లాడే మనిషి, అన్నీ ఉంటాయి. పరికరం కొనేముందు అక్కడికి వెళ్లమనండి. మన లంకల్లో పొగాకు పండుతుంది, రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, మన ఇళ్లల్లో చుట్ట కాల్చని తాత లేడు, అందుకే మన దగ్గర పొగ అంటే పెద్ద విషయం కాదన్నట్టు చూస్తారు. నోట్లో తెల్లమచ్చ చూపించి ఏదన్నా ఆయింట్‌మెంట్ ఇవ్వవయ్యా అని వచ్చే పెద్దవాళ్లని నేను నెలనెలా చూస్తున్నాను, డాక్టరు దగ్గరికి పంపుతుంటాను. మీ తమ్ముడు మానాలనుకుంటున్నాడు, అదే గొప్ప, మీరు పక్కనుండండి.

భీమవరం_బుల్లోడు:

తణుకు అన్న చెప్పిందానికి నేను ఒప్పుకుంటున్నాను. నేను సెల్లు గురించే అన్నాను, మెకానికల్ మంచిదని కాదు. చిప్ ఫెయిలయ్యే అవకాశం ఉంది కాబట్టి రెగ్యులేటెడ్ కూడా నీళ్లలో పడితే, ఎత్తు మీంచి పడితే మళ్లీ వాడకూడదు, వాడని టైములో ఆఫ్ చేసి పెట్టాలి. చాలావాటికి బటన్ అయిదుసార్లు గబగబా నొక్కితే ఆఫ్ అవుతుంది.

ముమ్మిడివరం_వైండింగ్:

బుల్లోడు గారి మాటకి నేనూ ఒకటి కలుపుతానండి. రిలే కూడా ఎప్పుడో ఒకప్పుడు ఫెయిలవుతుంది, నా షాపుకి కాలిన మోటారుతో పాటు ట్రిప్ అవని రిలేలూ వస్తాయి. అయినా రిలే లేకుండా నడుపుకోమని ఎవరికీ చెప్పను. చిప్ ఉంటే తప్పు జరగడానికి రెండు పాడవ్వాలి, చిప్ లేకపోతే ఒక్కటి పాడైతే చాలు. రూమ్మేట్ అన్నాడే, పాడవడానికి ఏమీ లేదని, నిజమే, ఆ గొట్టం పాడవదు. సెల్లు పాడవుతుంది, తొడుగు చిరుగుతుంది, బటన్ ఇరుక్కుంటుంది, చుట్టినవాడి లెక్క తప్పుతుంది.

ఉండి_చెరువుగట్టు:

వాడితో గంటసేపు మాట్లాడానండి, మీరు రాసిందంతా చదివి వినిపించాను. 35 ఆంప్స్ అనగానే వాడే ఆగిపోయాడు, ఇంజినీరింగ్ చదివాడు కదా, ఆ లెక్క వాడికి నాకన్నా బాగా తెలియాలి, రూమ్మేట్ మీద నమ్మకంతో వేసి చూసుకోలేదంట. గొట్టం వద్దన్నాడు. ముందు ఆ ఎన్‌హెచ్‌ఎస్ సర్వీసుకి వెళ్తానన్నాడు, తర్వాత అవసరమైతే చిన్న పాడ్. పండక్కి ఏమీ తేడు, గమ్ నేను అమలాపురం వెళ్లినప్పుడు తెచ్చి ఉంచుతాను. రూమ్మేట్ ఆ సెల్లు పారేస్తానన్నాడంట, చెత్తబుట్టలో వేసెయ్యొచ్చా?

తణుకు_టు_డబ్లిన్:

చెత్తబుట్టలో వద్దన్నా, చెత్త లారీలో నలిగి అక్కడ అంటుకుంటుంది. ముందు తొడుగు చిరిగిన చోటా రెండు చివర్లా మామూలు ఎలక్ట్రికల్ టేపు వేసి, చార్జ్ చెయ్యకుండా, విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమనండి. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌కి పట్టుకెళ్లి పాడైన లిథియం సెల్లు అని చెప్పి ఇవ్వాలి. సూపర్‌మార్కెట్ల గుమ్మాల దగ్గర బ్యాటరీ డబ్బాలుంటాయి గానీ అవి బాగున్న సెల్లులకి, ఇది చిరిగింది కాబట్టి సెంటర్‌కే.